గ్యారంటీకీ వారంటీకీ మధ్య ఒక గ్రైండరు

జగ్గయ్యపేట బజారులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. బిందె కారుతోందని ఎవరైనా తెస్తే, మారుమాట్లాడకుండా ఇంకోటి దించి ఇచ్చేవాడు. నేను గల్లా దగ్గర కూర్చున్నాక ఆ పద్ధతి మాన్పించాను. కుక్కరు చెడిందని వచ్చినవాళ్లకి కార్డు చూపించి, "గ్యారంటీ అంటే కొత్తది మార్చివ్వడం, వారంటీ అంటే బాగు చేయించడం. మీది వారంటీ" అని పాఠం చెప్పి పంపేవాణ్ణి. ఇంగ్లిషులో ఈ రెండు మాటలూ ఎవడు పుట్టించాడో గానీ, నాలాంటి కొట్టువాళ్ల కోసమే పుట్టించి ఉంటాడు.

పోయినేడు మా ఆవిడ ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టి, గ్రైండరు కావాలంది. పేటలో నా బేరం సంగతి అందరికీ తెలుసు. నన్ను చూడగానే ధర పెంచి చెబుతారు. అందుకని నందిగామ వెళ్లి, గంటసేపు గీచి గీచి బేరమాడి, జబ్బలు చరుచుకుంటూ తెచ్చాను. కొట్టాయన "రెండేళ్లు గ్యారంటీ అండి" అన్నాడు. చాలనుకున్నాను. కార్డు చదవలేదు. కొట్లో పుట్టి పెరిగినవాడి తెలివి అది.

రెండో నెలలో మోటారు కాలిపోయింది. రోజూ పిండి పోయించుకునే ఇళ్లవాళ్లు ఒకపూట చూసి ప్యాకెట్లకి మళ్లిపోతారని మా ఆవిడకి బెంగ. ఇద్దరం గ్రైండరుతో నందిగామ బస్సెక్కాం.

ఆయన కార్డు తిప్పి చూశాడు. "ఇది వారంటీ అండి. కంపెనీకి పంపాలి. ఇరవై రోజులు పడుద్ది."

"మరి గ్యారంటీ అన్నారుగా!"

"నోటికొచ్చింది అన్నా. అయినా ఆ తేడా నాకు నేర్పింది మీరే కదండీ! మీ కొట్లో కుక్కరు కొన్నా. ఆ రోజు బేరంలోనే గుర్తుపట్టా మిమ్మల్ని."

మా ఆవిడ ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, మీ ఇద్దరి ఇంగ్లిషు తర్వాత చూసుకోండి. నాకు తెల్లారేసరికి పిండి కావాలి. జనానికి చూపించడానికి పెట్టారే, ఆ గ్రైండరు ఇవ్వండి. మాది బాగయి వచ్చాక తెచ్చిచ్చేస్తా."

"తెస్తారని నమ్మకమేంటమ్మా?"

"ఈయన్ని ఇక్కడ వదిలేసి వెళ్లనా?"

"వద్దు తల్లీ! పట్టుకెళ్లండి."

కాగితం ముక్కయినా రాయించుకోలేదాయన. ఆ గ్రైండరుని భుజాన పెట్టుకుని బస్టాండు దాకా నడిచాను. పొద్దున్నే పిండి అన్ని ఇళ్లకీ అందింది. గ్రైండరు పోయినా ఫరవాలేదు, నన్ను ఉంచుకోవడం మాత్రం వద్దనుకున్నాడు. ఇన్నేళ్ల బేరాల్లో నాకు సరైన ధర కట్టినవాడు ఆయనొక్కడే.