డ్రైవర్‌తో మాట్లాడరాదు

మా మామ ఆగయ్య ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. జనగామ నుంచి కాళేశ్వరం దాకా ఆయనకు తెలియని గుంత లేదు, తెలియని మలుపు లేదు. బానెట్ ఎత్తితే మాత్రం మనిషి పక్కకు జరిగేవాడు. "నేను డ్రైవర్ని, మెకానిక్‌ను గాదు" అని అదేదో బిరుదులాగా చెప్పుకునేవాడు. ఇంట్లో మాటలకూ అంతే పొదుపు. అన్నం కావాలంటే కంచం వైపు చూస్తాడు, నీళ్లు కావాలంటే చెంబు వైపు చూస్తాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఈయనకు నా మీద కోపమేమో అని గుబులుపడ్డాను. తర్వాత తెలిసింది, అందరితోనూ ఇంతేనని.

మా అత్త వజ్రమ్మ దీనికి సరిగ్గా ఎదురు. ఒక పూట ఆమె గొంతు వినపడకపోతే, ఒంట్లో ఎట్లుందని పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తారు.

పెళ్లయిన కొత్తలో ఆమె ఒకసారి మామ నడిపే బస్సులో కాళేశ్వరం పోయిందట. కొత్త చీర కట్టుకుని, ముందు సీటు పట్టుకుని, దారి పొడుగునా మొగుడితో ముచ్చట పెడదామని సంబరంగా నోరు తెరిచింది. మామ తల తిప్పకుండా పైకి వేలు చూపించాడు. అక్కడేదో రాసి ఉంది. అత్తకు చదువు రాదు. కండక్టరే గట్టిగా చదివి వినిపించాడు: "డ్రైవర్‌తో మాట్లాడరాదు." బస్సంతా గొల్లున నవ్వింది.

"గా బోర్డు రాసినోని నోట్ల మన్నువడ!" అని అత్త ఇప్పటికీ తిడుతుంది. నవ్వుతూనే తిడుతుంది గానీ, ఆ కొరత ఆమెకు పోలేదు. నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. మొగుడి పక్కన కూర్చుని కాళేశ్వరం దాకా నోరారా మాట్లాడాలి, అంతే ఆమె కోరిక.

రిటైరైన ఏడాది మామ మహబూబాబాద్‌లో ఒక సారు దగ్గర పాత మారుతి కారు కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెప్పనక్కరలేదు. కానీ ఆ కారు గుణం ఏం చెప్పను! స్టార్ట్ చేస్తే వణుకుడు, ఎత్తు కనబడితే దగ్గుడు, పెట్రోలు తాగడానికి మాత్రం ముందుండేది. "మిస్సింగ్ కొడుతుంది కాకా" అనేవాడు మెకానిక్ నరేశ్. ఇంజన్‌కున్న మూడు గొంతుల్లో ఒకటి పలకడం లేదన్నమాట. కాళేశ్వరం ఎప్పుడు పోదామని అత్త అడిగితే "బండి బాగైనంక" అనేవాడు మామ. బండి బాగయ్యేది లేదు, వీళ్లు పోయేది లేదు.

పోయిన కార్తీకంలో నా మొగుడు యుగేందర్‌కు ఓపిక పోయింది. "రేపు పొద్దుగాల్ల కిరాయి కారు మాట్లాడుత. డ్రైవర్ వస్తడు. మీరిద్దరు ఎనక ఆరాంగ కూసోండ్రి" అన్నాడు.

"మల్ల ఎనకనేనా?" అంది అత్త. అత్త ఒక్క ముక్కతో ఆగిందంటే అది మామూలు సంగతి కాదు. మామ లేచాడు, లుంగీ ఎగ్గట్టాడు, వాకిట్లోకి పోయి బానెట్ ఎత్తాడు. నేను కళ్లు నులుముకుని చూశాను.

ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే వైర్లు అరిగిపోయాయని నరేశ్ ముందే చెప్పి, కొత్తవి తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. ఇప్పుడేమో తండాలో చెల్లె పెళ్లి పనుల్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే డప్పుల మోతలోంచి అరిచి చెప్పాడు: "కాకా, ఇంజన్ సల్లగున్నప్పుడే చెయ్యి. ప్లగ్గు ముందు చేత్తోని తిప్పు, ఎనక పానతోని జర బిగియ్యి, బలం జూపియ్యకు. ఒక్క వైరు తీసి ఒక్కటి తగిలియ్యి. అన్ని ఒక్కపారే పీకితే పరేషానైతవ్!"

మామ "ఊఁ" అన్నాడు. సగమే విన్నాడని తర్వాత తేలింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! అన్ని వైర్లూ పీకబోతుంటే అత్త చెయ్యి పట్టుకుంది.

"ఏది యాడిదో యాదుంటదా? ఆగు."

లోపలికి పోయి పసుపు, కుంకుమ, పాన్ డబ్బాలోని తడి సున్నం తెచ్చింది. వైర్లన్నీ వచ్చి కలిసే నల్ల మూత ఒకటుంది. మామ ఒక్కో వైరూ పీకుతుంటే, మొదటిది ఊడిన చోట మూత మీద ఒక పసుపు బొట్టు, ఇంజన్ మీద దాని ప్లగ్గు పక్కన ఇంకో పసుపు బొట్టు పెట్టింది. రెండో వైరుకు అట్లాగే సున్నం, మూడోదానికి కుంకుమ. బండికి పూజ జరుగుతోందనుకుని పక్కింటామె గుమ్మంలోంచే దండం పెట్టింది.

మామ పాత ప్లగ్గులు విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాడు. మసిబారి, కొసలు అరిగి, ముసలోళ్ల పండ్లలా ఉన్నాయి. "డీజిల్ బస్సుకు గివి ఉండయి" అని గొణిగాడు, ఇన్నేళ్లూ తెలియకపోవడానికి సంజాయిషీగా. కొత్తవి బిగించాడు, బొట్లు చూసుకుంటూ కొత్త వైర్లు తగిలించాడు. ఒక వైరు పొట్టిదై అందకపోతే గుంజి మరీ గుచ్చాడు. తాళం తిప్పాడు.

ఢాం!

కోళ్లు గోడెక్కాయి. మళ్లీ తిప్పితే మళ్లీ ఢాం. "బాపూ, కిరాయి కారు పక్కా చెయ్యాల్నా?" అని లోపలినుంచి యుగేందర్ అరిచాడు.

మామ అరుగు మీద కూలబడ్డాడు. "నాతోని గాదు వజ్రా" అన్నాడు. ఆయన అత్తను పేరుతో పిలవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త మాత్రం బానెట్ కింద తల పెట్టి చూస్తోంది. "అమూల్యా, ఇటు రాయె. గీ మూత మీద నేను పసుపు వెట్టిన గద, గిది ఎర్రగెందుకున్నది?"

చూశాను. మూత మీద ఒకటి తెలుపు, రెండు ఎరుపు. పసుపు బొట్టే లేదు.

అత్త ఒక్కసారిగా పగలబడి నవ్వింది. సున్నం అంటిన వేలితో మామ పసుపును రుద్దేశాడు. పసుపూ సున్నం కలిస్తే ఏమవుతుందో దిష్టి తీసే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. ఆ ఎరుపే కుంకుమనుకుని ఆయన మూడో వైరును అక్కడ గుచ్చాడు, మొదటిదాన్ని మిగిలిన చోట గుచ్చాడు.

"బండి కాళ్లకు పారాణి వెట్టినవ్ గదయ్యా! పెండ్లిపిల్ల అనుకున్నవా?"

మామ కూడా నవ్వాడు. రెండు వైర్లూ అటుదిటు మార్చాడు. గుంజితే గాని అందని వైరు ఈసారి హాయిగా అందింది. తాళం తిప్పగానే ఇంజన్ లేచింది. వణుకు లేదు, దగ్గు లేదు. యుగేందర్ బయటికి వచ్చి చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. యుగేందర్‌కు పత్తి మార్కెట్ పని ఉండి రాలేదు. అత్త ముందు సీట్లో, నేను వెనక. జనగామ దాటకముందే ఆమె మొదలుపెట్టింది. హన్మకొండ దాకా చుట్టాల సంగతులు, పరకాల దాకా వీధిలోవాళ్ల సంగతులు. మామ "ఊఁ, ఊఁ" అంటూ నడిపాడు. భూపాలపల్లి దాటి అడవి మొదలయ్యాక అత్త ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి మామ బండి పక్కకు తీసి ఆపాడు.

"ఏందే, మిస్సింగ్ కొడుతున్నవ్?"

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "నోరు నొస్తుందయ్యా. ఇగ నువ్వు మాట్లాడు. గా బోర్డు గీ బండిల లేదు గద."

మామ మళ్లీ బండి కదిలించాడు. కొంత దూరం పోయాక గొంతు సవరించుకున్నాడు. "గదిగో, గా మలుపు కాడ ఒకపారి ఎలుగుబంటి అడ్డమొచ్చింది. గా దినం ఇంటికొచ్చి నీకు జెప్దామనుకున్న..."

ఇక ఆయన ఆగలేదు. ప్రతి మలుపుకూ ఒక కథ, ప్రతి వాగుకూ ఒక ముచ్చట. ఇంటికొచ్చి చెబుదామనుకుని చెప్పనివన్నీ ఆ దారి పొడుగునా దాచుకుని ఉన్నట్టున్నాడు. కాళేశ్వరం వచ్చింది. బండి ఆపినా మాట ఆపలేదు. కొబ్బరికాయలు తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "అత్తమ్మా, దర్శనం లైన్ పెరుగుతుంది" అన్నాను.

అత్త నా వైపు తిరగకుండానే వేలు పైకెత్తింది.

"జర ఆగు బిడ్డా. డ్రైవర్ మాట్లాడుతుండు."