మూడో పిన్ను

మా కోడలు మొండిది. పెళ్ళయిన కొత్తలో ఈ మాట తిట్టుగా అన్నాను. ఇప్పుడూ అంటాను, తిట్టు అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ.

మీటర్ల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చేసింది. కరెంటును తెరమీద గీతగా చూపించే యంత్రం ఒకటుంటుంది, స్కోపంటారు. ఒకరోజు అది షాకు కొట్టి ఈవిడ ఎడమచేతి రెండు వేళ్ళు మొద్దుబారాయి. దాని ప్లగ్గుకి మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, పీకేసి ఉంది. అక్కడ అన్ని స్కోపులకీ అంతే. పిన్ను ఉంటే స్కోపు తీగ చివరి క్లిప్పు కూడా ఎర్తుకి కలిసే ఉంటుంది, దాన్ని ఎక్కడ తగిలించాలో ఆలోచించాలి. పీకేస్తే ఆ బాధ లేదు, పని త్వరగా తెములుతుంది. సూపర్‌వైజరేమో "నువ్వు చూసుకోవాలి కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి మానేసి ఇంటికొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. అతని మీద కొంత, ఉన్న పని వదులుకున్నందుకు ఈవిడ మీద కొంత.

ముందుగది కిటికీ కింద బల్ల వేసుకుని ఫ్లోటింగ్ కరెంట్ సోర్సు అని ఒక పెట్టె మొదలుపెట్టింది. అదేమిటే అని అడిగాను.

"మామూలు సోర్సుకి ఒక కొస ఎర్తుకి కట్టేసి ఉంటుంది అత్తయ్యా. దీనికి ఏ కొసా కట్టం. అందుకే బ్యాటరీ మీద నడుపుతాం. ఎక్కడ కలిపినా, ఎదుట అడ్డం, అంటే రెసిస్టెన్సు, పెరిగినా తగ్గినా, పది మిల్లీయాంపులే పంపుతుంది."

అంటే పుట్టింటి కొంగూ పట్టుకోదు, అత్తింటి కొంగూ పట్టుకోదు. అలాంటిది చేయడానికి సరైన మనిషే దొరికింది.

మొద్దు వేళ్ళతో రెసిస్టరు పట్టుకుని టంకం పెట్టేది. కాలినా తెలిసేది కాదు, బొబ్బ నేను చూసి చెప్పాల్సి వచ్చేది. పెట్టెలోని రెండు ట్రాన్సిస్టర్లలో ఒకటి వేడెక్కితే చాలు, కరెంటు పది దాటి పాకేది. చివరికి ఆ రెండింటినీ వీపు వీపు ఆనించి కట్టేసింది. రెండూ కలిసి వేడెక్కడంతో పాకడం ఆగింది. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఈలోగా ఆ ఫ్యాక్టరీకే మీటర్లు పరీక్షించడానికి ఇలాంటి పెట్టెలు కావలసి వచ్చి సూపర్‌వైజరు కబురు చేశాడు. పెట్టె నెగ్గితే ఏడాది పొడుగునా ఆర్డర్లిస్తారు, ఇంట్లోనే చేసుకోవచ్చు. నెగ్గకపోతే సోమవారం నుంచి మళ్ళీ అతని కిందే లైన్లో కూర్చోవాలి. మా అబ్బాయి ఒక్కడి జీతంతో ఇల్లు ఈదడం కష్టంగా ఉంది, మరో దారి లేదు. అతని కిందికి వెళ్ళడమంటే తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు. ఆ మాట పైకి అనలేదు గానీ ఆవిడ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

అతను తన మీటరు పట్టుకుని వచ్చాడు. కోడలు దాన్ని పెట్టెకి కలిపి, తను కొనుక్కున్న పాత స్కోపు క్లిప్పు తగిలించింది. పది రావలసింది నాలుగొచ్చింది.

"పోయినట్టే" అన్నాడతను.

ఆవిడ తీగలన్నీ ఒకసారి చూసి తల పట్టుకుంది. "పెట్టె తప్పు కాదు సార్, నాది. మీ దగ్గర పడ్డ అలవాటు, క్లిప్పు చేతికొచ్చినచోట పెట్టేశాను. ఈ స్కోపుకి పిన్నుంది. మీ మీటరుకి ఒక ఎర్తుంది, క్లిప్పుతో రెండోది కలిసింది. కరెంటు దొడ్డిదారిన పోయింది."

"ఇంతేనా? పిన్ను పీకెయ్, పదొస్తుంది." పట్టకారు అందుకోబోయాడు.

ఆవిడ ప్లగ్గు మీద చెయ్యి వేసింది. "ఈ ఇంట్లో పీకం."

క్లిప్పు తీసేసి, ప్రోబులంటే కొలిచే ముళ్ళు, ఆ కొసకో ప్రోబు, ఈ కొసకో ప్రోబు పెట్టి, రెండింటి తేడా చూపించమని స్కోపుకి చెప్పింది. పది. అడ్డం పెంచింది, పది. తగ్గించింది, పది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అతనికీ నచ్చింది. "పెట్టెలు తీసుకుంటాం. ఆ చీటీ మాత్రం గీకెయ్." ఎర్తు పిన్ను లేని స్కోపుతో పరీక్షించరాదు అని పెట్టె మీద ఆవిడే అంటించిన చీటీ అది. "ప్రతిదానికీ రెండు ప్రోబులు పెట్టే తీరిక మాకెక్కడిది? పైగా అది చదివితే లైన్లో వాళ్ళు నన్ను నిలదీస్తారు."

"నిలదియ్యనివ్వండి. గీకను."

"అయితే సోమవారం లైన్లోకి వచ్చెయ్."

"రాను."

అతను నా వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరైనా చెప్పండమ్మా."

మళ్ళీ పనిలో చేరమని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే. చెప్పాలనే లేచాను. ఆవిడ చెయ్యి ఇంకా ప్లగ్గు మీదే ఉంది. ఆ మొద్దు వేళ్ళున్న చెయ్యే.

"నేను చెప్పేదేముంది బాబూ? తను రానంటోంది కదా. మీ చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి" అన్నాను.

ఇప్పుడు ఆవిడ రెండో పెట్టె కడుతోంది. పెట్టెలు అమ్మడానికి వేరే ఫ్యాక్టరీలకు ఫోన్లు చేసేది నేను. నమస్కారం చెప్పి, మీ స్కోపులకి మూడో పిన్ను ఉందా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు నీకెందుకమ్మా అంటారు. ఉందన్నవాడు ఇంకా దొరకలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ చేస్తాను.