పోటీగాడి తరఫున

మా బాస్కెట్‌బాల్ మాస్టారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్న డ్యూటీ దిగి వస్తుంటే తార్‌బహార్ పేటలో టీకొట్టు దగ్గర చెప్పారు. నాకు ఏడుపు రాలేదు. ఇక నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరన్న ఊరట కలిగింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆయన మెత్తని మనిషని ఎవరైనా చెబితే నమ్మకండి. రైల్వే లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేస్తూ సాయంత్రాలు మాకు ఆట నేర్పేవారు. బంతి జారవిడిచినవాణ్ణి వాడి తండ్రి ముందే, "మీ అమ్మకి పిండి కలిపెట్టరా, ఆ సేతులు దానికే పనికొస్తాయి" అనేవారు. జ్వరమంటే నుదురు ముట్టుకుని చూసి మరీ పరుగెత్తించేవారు. అయినా మా క్వార్టర్ల పిల్లలకు ఆటంటూ వచ్చిందంటే ఆయన చలవే.

ఏటా చలికాలంలో కాలనీ జట్లన్నిటి నుంచీ ఏరి ఒక ఆల్‌స్టార్ జట్టు కట్టేవారు. అందులో ఆడితే ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగం దాదాపు ఖాయం. ఆఖరి చోటుకు ఇద్దరు మిగిలితే మాస్టారిది ఒక పద్ధతి. ఎవడి గొప్ప వాడు చెప్పుకోకూడదు, అందరి ముందూ పోటీగాడి తరఫున వాదించాలి.

ఆ ఏడు మిగిలింది నేనూ, పక్క క్వార్టర్ పొడుగోడూ. ఇద్దరి తండ్రులూ రిటైరు కాబోతున్నారు. ఉద్యోగం రానివాడి కుటుంబం క్వార్టరు ఖాళీ చేయాలి.

పొడుగోడు ముందు లేచి, నేను బంతి అందిస్తేనే తాను బుట్టలో వేయగలుగుతున్నానన్నాడు. అది నిజం కాదు. తర్వాత నేను లేచి వాడి ఎత్తునూ గురినీ మెచ్చుకున్నాను. చివర, వాడు నాకొక్కడికే చెప్పుకున్న సంగతి కలిపాను.

"ఎడం మోకాలు వాచిపోతన్నా గుడ్డ కట్టీసుకుని ఆడతన్నాడు మాస్టారూ. అలాటోడు ఇంకొకడు దొరకడు."

పొగడ్తలాగే అన్నాను. మోకాలు బాగోనివాడు రైల్వే డాక్టరు పరీక్షలో నిలవడని అక్కడ అందరికీ తెలుసు. మాస్టారు నా పేరు రాసుకున్నారు.

"అచ్ఛా. బాగా పొగిడినావు. పో."

అప్పటి నుంచి ఎక్కడ కనబడినా, సదర్ బజార్‌లో నా భార్య పక్కనున్నా సరే, ఒకటే అడిగేవారు: "మోకాలెలాగున్నాదిరా?" నా మోకాళ్లకు ఏనాడూ ఏమీ కాలేదు. ఆయన వల్లే రైల్వే అన్నం తింటున్నాను. అది ఒక్క పూటా హాయిగా తిననివ్వలేదు.

పొడుగోడి కుటుంబం ఏటి అవతల సర్కండాకు మారింది. వాడక్కడ ఆటో నడుపుతాడు. మాస్టారి పాడె మోయడానికి వచ్చి, ముందు వరసలో నా పక్కనే భుజం పెట్టాడు. ఇన్నేళ్లకు వాడికి నా తప్పు చెప్పుకోబోయాను. వాడు వినిపించుకోలేదు.

"ఆయేళ సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చి మోకాలు సూసినారు. అప్పటికే వాపు తగ్గిపోనాది. ఆడి పేరు రాసీసేను, మరి కొట్టీలేను అనీసి ఎలిపోనారు."

అర్పా ఏటి ఒడ్డున ఇసుకలో దిగాం. వాడి ఎడమకాలు ఎక్కడా తడబడలేదు. నేనే భుజం మార్చమని వెనకవాణ్ణి పిలిచాను.