లాభం అన్నప్పుడు గీయని గీత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘లాభం’ అనే మాట వినబడకూడదు. బియ్యం కొలిచేటప్పుడు మా వైపు మొదటి కొలతను ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు అంటూ సాగిపోతారు. మొదటి మాట మంచి మాట అయితే ఇంట్లో గింజకు కొరత రాదని నమ్మకం. ఆ మాట చెవిన పడితే మా తాతయ్యకు ఒళ్లు మండేది. ఆయన రిటైరైన బడిపంతులు. సంస్కరణ సభల్లో వాదించి వాదించి గొంతు బొంగురుపోయిన మనిషి. “మొదటిది ఒకటే. దానికి వేరే పేరు పెడితే గింజలు పెరుగుతయా?” అని మా అమ్మను ఎన్నిసార్లు నిలదీశారో లెక్కలేదు. ఆయన మనుమరాలిని కనుక నేనూ అలాగే తయారయ్యాను. పదకొండేళ్లకే ఎదుటివాళ్ల మూఢనమ్మకాలు ఏరడంలో ఆరితేరాను. నా సొంతవి కనబడడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

అవి డెబ్బయ్యో దశకం చివరి రోజులు. మేం వరంగల్‌లో ఉండేవాళ్లం. పక్కింటి అక్క వాళ్లది వర్ధన్నపేట దగ్గర పల్లె. అక్క చదువు కోసమే వాళ్లమ్మ పట్నంలో ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేది. నాయిన ఊళ్లో వ్యవసాయం చూసుకుంటూ అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అక్క. ఆ అక్క ఇంటర్ పరీక్షలో లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీలో కూడా తప్పితే సామాను సర్దుకుని ఊరికి రమ్మని నాయిన కబురు పెట్టాడు. ఆయన కోపంతో అన్న మాట కాదది. రెండు చోట్ల కుంపటి పెట్టే శక్తి ఆయనకు లేదు. అందుకే ఆ మాటకు ఎదురు చెప్పే దారి కూడా అక్కకు లేకపోయింది. వాళ్లమ్మ తనకు తోచిన ఉపాయం చేసింది. ఎవరి దగ్గరికో పోయి ఒక తాయెత్తు తెచ్చి అక్క జబ్బకు కట్టింది.

ఆ తాయెత్తుతోనే అక్క మా తాతయ్య దగ్గరికి లెక్కలు నేర్చుకోవడానికి వచ్చింది. తాతయ్య మొదటి రోజే దాన్ని చూశారు. “ఇది తీసేస్తెనే నేను చెప్త” అన్నారు. అక్క తీయలేదు. జాకెట్టు చేయి కిందికి లాక్కుని, పుస్తకం తెరిచి కూర్చుంది. తాతయ్య కాసేపు గొణిగి పాఠం మొదలుపెట్టారు.

నాలుగు రోజుల్లోనే సంగతి తేలింది. అక్కకు రానివి ఇంటర్ లెక్కలు కావు, వాటి కింద ఉండాల్సినవి. భిన్నాలు, సమీకరణాలు, శ్రేఢులు. కాలేజీలో లెక్చరర్ అవన్నీ వచ్చే ఉంటాయనుకుని పైపైకి కట్టుకుంటూ పోయాడు. రావని చెప్పడానికి అక్కకు సిగ్గు. అరవై మందిలో లేచి నిలబడి ఇది నాకు తెలియదు అనగలిగిన మనిషిని నేను ఇప్పటికీ అరుదుగానే చూశాను. లెక్కలంటే భయం ఎవరికీ పుట్టుకతో రాదు. తెలియదని చెప్పలేని చోట అది పుట్టి పెరుగుతుంది.

ఒక లెక్క దగ్గర అక్క బండి పూర్తిగా దిగబడింది. మొదటి సంఖ్య ఐదు, తర్వాత ప్రతిసారీ మూడు పెరుగుతుంది, ఇరవయ్యో సంఖ్య ఎంత? అక్క ప్రతిసారీ ఐదుకు ఇరవై మూళ్లు కలిపి అరవై ఐదు అని రాసేది. తాతయ్య కొట్టేసి, ఇరవైలోంచి ఒకటి తీసెయ్యాలి, పంతొమ్మిది మూళ్లే కలపాలి అని చెప్పేవారు. మర్నాడు మళ్లీ అరవై ఐదే. పక్కన కూర్చుని రోజూ వినే నాకు ఆ సూత్రం నోటికి వచ్చేసింది. అడగకముందే అరవై రెండు అని అరిచేదాన్ని.

ఒకరోజు అక్క కలం కింద పెట్టి అడిగింది.

“తాతా, ఒకటి ఎందుకు తీసెయ్యాలె?”

“సూత్రం అంతే బిడ్డా. రాసుకో.”

“అదే, ఎందుకని?”

“ఎందుకేంది? ఇంత చిన్నపిల్లకు ఎక్కింది, నీకెందుకు ఎక్కదు?”

నేను కిసుక్కున నవ్వాను. అక్క నా వైపు చూడలేదు. పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. “కొన్ని తలలకు లెక్కలు ఎక్కవు” అని తాతయ్య మా అమ్మతో అనడం విన్నాను. నేనూ తలూపాను. మంత్రం పనిచేయకపోతే భక్తుడిదే లోపం అని చెప్పే స్వాములను సభల్లో ఉతికి ఆరేసిన మనిషి ఆయన. సూత్రం అంతే అన్నప్పుడు తాను ఎవరిలా మాట్లాడుతున్నారో ఆయనకు తట్టలేదు. నాకసలే తట్టలేదు.

వారం తర్వాత ముసురు తెరిపి ఇచ్చింది. ఊరి నుంచి వచ్చిన బియ్యానికి తేమ తగిలిందని అక్క వాళ్లు చాపల మీద ఎండబోశారు. సాయంత్రం వాటిని కొలిచి మట్టి గోలెంలో పోసుకోవాలి. ఎన్నాళ్లకు వస్తాయో చూసుకోవడానికి ఆ కొలత వాళ్లకు అవసరం. అక్క వాళ్లమ్మ గోడ మీదుగా నన్ను పిలిచింది. “ఓ పిల్లా, జర వచ్చి గీతలు గియ్యవే. మాట్లల్ల పడితె మరిచిపోత” అంది. నేను గర్వంగా సుద్దముక్క పట్టుకుని పోయాను. తాతయ్య మా వాకిట్లో గద్దె మీద కూర్చుని పేపర్ చదువుతున్నారు. మధ్యలో నడుమెత్తు గోడే కాబట్టి అన్నీ కనబడతాయి, వినబడతాయి.

అక్క కుంచం నిండా బియ్యం ముంచి, అంచుకు సమంగా అరచేత్తో తుడిచి, గోలెంలో పోస్తూ లాభం అంది. నేను గీత గీయలేదు. లాభం అనేది అంకె కాదు కదా! తాతయ్య పేపర్ పక్కకు జరిపి నా వైపు చూసినట్టనిపించి ఇంకా నిటారుగా నిలబడ్డాను. రెండు అన్నాక వాళ్లింటి గోడ మీద మొదటి గీత గీశాను. అలా చివరిదాకా సాగింది. ఆఖరి కుంచం పోసి అక్క ఇరవై అంది. నా గీతలు పంతొమ్మిది ఉన్నాయి.

“పందొమ్మిదే” అన్నాను.

“ఇరవై” అంది అక్క.

“నా గీతలు చూడు. నీకు లెక్కలు రావు గదా!”

ఆ మాట నోట్లోంచి జారాక వెనక్కి తీసుకోవాలనిపించింది కానీ పొగరు తీసుకోనివ్వలేదు. వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. అక్క మాత్రం కుంచం చేతిలో పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి గీతల్ని చూసింది. పరీక్ష తప్పిన ఈ మూడు నెలల్లో మొదటిసారి ఆమె ముఖంలో భయం లేదు.

“నువ్వు లాభాన్ని గియ్యలే” అంది. “నేను లాభం అన్నప్పుడు కుంచం ఖాళీగ ఉందా? బియ్యం పోస్తిని గద!”

“అది మూఢనమ్మకం” అన్నాను.

“మాట మూఢనమ్మకమేనేమో గనీ, బియ్యం కాదు గదనే.”

నడుమెత్తు గోడ అవతల తాతయ్య లేచి నిలబడ్డారు. రుజువు లేకుండా ఎవరి మాటా ఒప్పుకోవద్దని, మళ్లీ కొలవమని అన్నారు. ఆ గంపెడు చాకిరీ మళ్లీ చేయించారు. ఈసారి ఆయనే వచ్చి గోలెం పక్కన నిలబడి ఒక్కొక్క గీతా గీశారు. ఇరవై వచ్చాయి. నా చెవులు వేడెక్కాయి.

తాతయ్య గోడ ముందు నుంచి కదల్లేదు. సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు ఆ గీతలనే చూశారు. అప్పుడు మెల్లగా అడిగారు.

“బిడ్డా, లాభం తర్వాత ఎన్నిసార్లు పోసినవ్?”

“పందొమ్మిదిసార్లు.”

“అయినా కుంచాలు ఇరవై అయినయి. గంతేనా?”

“గంతే గద తాతా. లాభం ముందుగాల్నే పడె.”

ఆయన మొదటి గీత పక్కన ఐదు అని రాశారు. రెండో గీత పక్కన ఎనిమిది, మూడో గీత పక్కన పదకొండు. ఇంకేమీ చెప్పకుండా సుద్దముక్కను అక్కకు అందించారు. అక్క కాసేపు చూసింది. పెదవులు కదిలాయి. ఒక్కసారిగా కుంచం కింద పెట్టేసింది.

“ఐదు లాభం! దానికి ఏం కలిపేది లేదు. మూళ్లు దాని తర్వాతనే మొదలైతయి. పందొమ్మిది మూళ్లు, యాభై ఏడు. లాభం ఐదు. అరవై రెండు!” అని గోడ నిండా రాసి, తాతయ్య వైపు తిరిగి చిన్నపిల్లలా కోప్పడింది. “గిది ముందే చెప్తే ఏంపోయె తాతా? పది రోజులు నన్ను ఏడిపిస్తివి!”

తాతయ్య సభల్లో ఎవరికీ తలవంచిన మనిషి కాదు. “నాకు చెప్పొస్తలేదు బిడ్డా. సూత్రం వచ్చు గనీ ఎందుకో నేనూ ఎన్నడు అడగలే” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఒకటి ఎందుకు తీసేయాలో నువ్వు చెప్పు అన్నారు. నాకు సూత్రం నోటికి వచ్చు. కారణం ఆ క్షణం దాకా తెలియదు.

ఆ మర్నాటి నుంచి అక్క మళ్లీ రావడం మొదలుపెట్టింది. తాతయ్య పాఠం తీరు మారిపోయింది. భిన్నాల కోసం మా వంటింట్లోంచి ఒకదానికొకటి రెట్టింపైన కొలపాత్రలు సోల, తవ్వ, మానిక బయటికి వచ్చాయి. ఎందుకు అని అడిగితే తాతయ్య తడుముకునేవారు, కొన్నిసార్లు రేపు చెప్తానని ఒప్పుకునేవారు. మా అమ్మ ఒకసారి వంటింట్లోంచి, “లాభం అనొచ్చా ఇప్పుడు?” అని కేకేసింది. తాతయ్య వినబడనట్టు కూర్చున్నారు.

అక్క పాసైంది. గొప్ప మార్కులేం కావు, గట్టెక్కింది. ఊరికి పోయే మాట ఆగిపోయింది. వాళ్లమ్మ బెల్లం ముక్క పట్టుకొచ్చి, అంతా తాయెత్తు మహిమ అంది. తాతయ్య నోరు తెరవబోయారు. అంతలోనే అక్క జాకెట్టు చేయి పైకి లాగి చూపించింది. జబ్బ ఖాళీగా ఉంది.

“పరీక్షకు ముందే తీసేసిన్నే అమ్మా. దురద పెడ్తుండె” అంది.

తర్వాత నా బతుకంతా వాదనల్లోనే గడిచింది. ఎన్నో వేదికలెక్కాను, ఎన్నో నమ్మకాలను చీల్చి చెండాడాను. అందులో దేనికీ నేనిప్పుడు చింతించడం లేదు. తాయెత్తు తాయెత్తే, దానివల్ల ఎవరికీ లెక్క రాదు. కానీ కొన్ని తలలకు లెక్కలు ఎక్కవు అనేది కూడా తాయెత్తు లాంటి నమ్మకమే. దాన్ని ఎదుటివాళ్ల జబ్బకు కట్టింది మేము, చదువుకున్నవాళ్లం. ఇప్పుడు నా దగ్గరికి కాలేజీ పిల్లలు వచ్చి, మాకు లెక్కలు రావండీ అని తల దించుకుంటే నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు. నీ ఇంట్లో ఏం కొలుస్తారు, ఏం పంచుతారు, ఏం నేస్తారు అని అడుగుతూ అటూ ఇటూ తిరుగుతాను.

ఎవరినైనా వీళ్లకు రాదు అని తేల్చబోయే ప్రతిసారీ ఆ గోడ కళ్లముందు నిలుస్తుంది. పంతొమ్మిది గీతలు, వాటికి ముందు నేను ఖాళీగా వదిలిన చోటు. ఆ చోట బియ్యం పడిన చప్పుడు నేను విన్నాను. విని కూడా గీయలేదు.