తిరిగివ్వక్కర్లేని డబ్బా

ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్ ఊరు దాటి డ్రైవ్ చేస్తుంటే, వాన పడ్డాక మొక్కజొన్న చేల వాసన వస్తుంది. ఇప్పటికీ కారు అద్దాలు ఎత్తేస్తాను.

నా చిన్నప్పుడు అమ్మ ఒక ఊళ్ళో, నాన్న పక్క ఊళ్ళో ఉండేవాళ్ళు. రెండు ఊళ్ళ మధ్యా మొక్కజొన్న చేలల్లోంచి తిన్నగా, ఎత్తూపల్లం లేని నడకదారి. శనివారం అమ్మ నన్ను సగందాకా నడిపించి, బెంచీ దగ్గర నాన్నకి అప్పగించేది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అయితే తెలుగు ఆంటీలు చూస్తారని అలా. నేను మాత్రం అది వాకింగ్ అనుకునేదాన్ని.

అమ్మ నా చేతికి స్టీలు డబ్బాలో పులిహోర ఇచ్చేది. ఆదివారం నాన్న డబ్బా కడిగి, ఖాళీగా పంపకూడదని కాసిని ద్రాక్షపళ్ళో, చెంచాడు పంచదారో వేసి ఇచ్చేవాడు. అమ్మ బెంచీ మీదే మూత తీసి చూసేది. ఆ డబ్బా తిరుగుతున్నంతకాలం వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసిపోతారని నా నమ్మకం.

వాన వెలిసిన ఒక ఆదివారం, మూత తీస్తే లోపల ఏమీ లేదు.

“నాన్న మర్చిపోయాడమ్మా,” అన్నాను.

“అవును, మర్చిపోయినట్టున్నారు,” అంది అమ్మ.

దారి తిన్నగా ఉంది కదా, వెళ్ళిపోతున్న నాన్న చాలాసేపు కనిపిస్తూనే ఉన్నాడు. వెనక్కి తిరిగితే చెయ్యి ఊపుదామని చూశాను. తిరగలేదు. ఆయన దేన్నీ మర్చిపోయే మనిషి కాదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. అమ్మకి అక్కడే అర్థమైంది. ఆ ఖాళీ డబ్బాని నిండుగా ఉన్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

తర్వాతి శనివారం కూడా పులిహోర కలిపింది. అయిపోయిన పెరుగు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చింది.

“ఇది తిరిగివ్వక్కర్లేదని చెప్పు నాన్నకి,” అంది.