నిప్పులక్క వారం

"...అంటే ఆవిడ వేస్తానంటేనే మీరు వెళ్ళేది, లేకపోతే లేదు. అంతే మామయ్యా, ఇంక నన్ను విసిగించకండి."

"ఆవిడ వస్తుందమ్మా. ఏటా వస్తుంది."

"రావడం వేరు, మీకు సూది వెయ్యడం వేరు."

"అక్కడ ఆవిడ సిస్టర్ కాదు."

"మరి అక్కడ మీకు షుగర్ ఉండదా?"

సిస్టర్ మెట్ల మలుపులోనే ఆగిపోయింది. రాత్రి డ్యూటీ దిగి వస్తోంది. పాదాలు వాచి ఉంటే బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది, అందుకే ఆమె అడుగుల చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఓరగా వేసిన తలుపు వెనక మాట్లాడుకుంటున్నది గడియారాల తాతయ్య, ఆయన కోడలు. తాతయ్య గడియారాలు బాగుచెయ్యడం మానేసి చాలాకాలమైంది. వేళ్ళు వణుకుతాయి, కళ్ళు మసకబారాయి. మొన్న చలికాలంలో ఆసుపత్రిలో పడి లేచాక పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది తప్పనిసరైంది. కోడలు వేస్తుంది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ పనిచేసేది ఐసు ఫ్యాక్టరీలో. ఎండాకాలంలో వాళ్ళకి సెలవు అడిగే ముఖమే ఉండదు.

లోపల కుర్చీ కదిలింది. సిస్టర్ గోడ పక్కగా, దొంగలా, పై అంతస్తులోని తన ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వీధివాళ్ళు కొందరు ఏటా ఎండల్లో ఒక వారం ఊరికి దూరంగా, వాగు పక్కనున్న తోటలో గుడారాలు వేసుకుని కలిసి ఉంటారు. కలిసి వండుకుంటారు, కలిసి తింటారు. తాతయ్య కుర్రతనంలో మొదలుపెట్టిన అలవాటు అది. ఒకటే నియమం. ఇక్కడ ఏ పని చేసి బతుకుతున్నారో అక్కడ ఆ పని ముట్టుకోకూడదు. అందుకని వడ్రంగి వంట చేస్తాడు. టైలరమ్మ గుడారపు మేకులు చెక్కుతుంది. బేకరీ ఆయన పిల్లలకి ఈత నేర్పుతాడు, ఆయనకి వచ్చిన మేరకి. సిస్టర్ భర్త బస్సు డ్రైవరు, అక్కడ గిన్నెలు తోముతాడు. మేకులు వంకరగా ఉంటాయి, తిండి వేళకి ఉడకదు, ఎవరికీ ఈత రాదు. అయినా నియమం మార్చుకుందామని ఎవరూ అనలేదు. పనితో పాటు పేర్లు కూడా మారిపోతాయి. వడ్రంగి ఉప్పు బాబాయి అవుతాడు, డ్రైవరు గిన్నెల బావ అవుతాడు. సిస్టర్ నిప్పులక్క.

పొయ్యి ఆమెది. కట్టెలు కొట్టడం, ఎండబెట్టడం, అందరికన్నా ముందు లేచి నిప్పు రాజెయ్యడం ఆమె పని. తడికట్టె ముందు బోర్లా పడుకుని, పొగకి కళ్ళనీళ్ళు కారుతుంటే ఊదుతుంది. అంటుకుంటే అంటుకుంది, లేకపోతే మళ్ళీ ఊదాలి. ఎవరి ప్రాణం మీదికీ రాదు.

మిగతా ఏడాదంతా ఆమె సిస్టరే. చదువు అవుతూనే వార్డులో చేరింది. పెళ్ళయినా, పిల్ల పుట్టినా, ఆ పిల్ల పెరిగి హాస్టలుకి వెళ్ళిపోయినా వార్డు మారలేదు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడితే పక్కనున్నాయన నాలుక బయటపెట్టి చూడమంటాడు. ఒకసారి పెళ్ళిభోజనంలో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి బల్లకింద నుంచి కాలు చాచి, ప్యాంటు పైకి లాగి, వాపు చూపించాడు. ఆమె ఎవరినీ కసురుకోలేదు. నాలుక చూసింది, వాపు నొక్కి చూసింది, డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పింది. చెయ్యి కడుక్కుని వచ్చి భోజనం ముగించింది.

భర్త వంటింట్లో నిలబడి బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. వరసకి మేనత్త కొడుకు, చిన్నప్పటి పిలుపే ఇప్పటికీ.

"బావా, కింద ఏం జరుగుతోందో తెలుసా?"

"తెలియకేం. ఆ కోడలి గొంతు బస్టాండు దాకా వినిపిస్తుంది."

"నన్నెవరూ అడగలేదు."

"అడగడానికేముంది, రెండు సూదులేగా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నీకదో పనా?"

ఆమె బూట్లు తలుపు వెనక పెట్టి వచ్చి కూర్చుంది.

"పోయినేడు ఒక పిల్లకి మోకాలు కొట్టుకుంటే కట్టు కట్టాను. ఒక్క కట్టు. ఆ సాయంత్రానికల్లా మన గుడారం ముందు వరస కట్టారు. బేకరీ ఆయన పెట్టెలోంచి ఏం తీశాడు?"

"ఎక్స్‌రే." అతను నవ్వాపుకున్నాడు.

"ఎవరిది?"

"వాళ్ళత్తగారిది."

"ఆవిడ వచ్చిందా?"

"రాలేదు."

"మనిషి రాకపోయినా ఎక్స్‌రే వచ్చింది. అంటే ఇంటి దగ్గరే అనుకుని సర్దుకున్నాడు. ఇప్పుడు నేను పొద్దునా సాయంత్రం సూది వేస్తుంటే చూసి, ఊరుకుంటారా అందరూ?"

"మరి ముసలాయన రాకపోతే? ఆయన లేకుండా ఆ తోటలో..."

"నాకు తెలుసు బావా."

అతను పాలిష్ డబ్బా మూశాడు. టోపీ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె కిటికీ తెరలు లాగి పడుకుంది కానీ నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కూడా ఆమెని ఎవరూ అడగలేదు. టైలరమ్మ ఎదురుపడి, ఈసారి కట్టెలు ఎండినవే దొరుకుతాయట అని అవసరం లేకుండా చెప్పింది. బేకరీ ఆయన రొట్టెతో పాటు ఇంకో చిన్న రొట్టె కూడా పొట్లంలో వేశాడు. కోడలు మెట్ల మీద కనపడితే నమస్కారం పెట్టి తల దించుకుంది. తోట ప్రయాణం దగ్గరపడేకొద్దీ అందరూ ఆమెతో మరీ మెత్తగా మాట్లాడసాగారు. వార్డులో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడే తీరు అది. ఆమెకి ఒళ్ళు మండేది.

సెలవురోజున వడ్రంగి షెడ్డు వెనక జాగాలో సామాను బయటపెట్టారు. ఏడాదిపాటు చుట్టి ఉన్న గుడారాలు ముక్కిన వాసన కొడుతున్నాయి. మసిబారిన గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి రావడం లేదు. పెద్ద గుడారానికి ఒక మూల జానెడు చిరుగు. డ్రైవరు దాని ముందు చతికిలపడి పెద్ద సూదితో కుడుతున్నాడు. తోట కోసం చేసే పనికి కూడా నియమం వర్తిస్తుంది కాబట్టి టైలరమ్మ ముట్టుకోకూడదు. ఆమె కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

"అయిందా నాయనా?"

"అవుతోందత్తయ్యా."

"కుట్టు కుట్టుకీ మధ్య ఎంత ఎడం పెడుతున్నావు?"

"మీరు చూడకూడదుగా."

"చూడ్డం లేదు, వింటున్నాను. నువ్వు దారం లాగే చప్పుడుకే నా ప్రాణం పోతోంది. అందులోంచి వాన కాదు, వాగే లోపలికి వస్తుంది."

వడ్రంగి నవ్వాడు. "పోయినేడు నువ్వు చెక్కిన మేకులు చూసి నేనెంత ఏడ్చానో ఇప్పుడు తెలిసిందా?"

"నీ వంట తిని మేమంతా ఏడ్చింది దానికి చెల్లు."

సిస్టర్ పక్కనే గొడ్డలికి సాన పడుతోంది. తాతయ్య చేతికర్ర ఊతంతో రావడం మొదట ఆమే చూసింది. వెనకాలే కోడలు. వడ్రంగి ఒక చెక్కపెట్టె బోర్లించి తుడిచాడు. తాతయ్య కూర్చుని కాసేపు గిన్నెల వంక చూశాడు.

"నేను ఈసారి రావడం లేదర్రా. నా మడతకుర్చీ ఇంకెవరైనా వాడుకోండి."

డ్రైవరు దారం లాగడం ఆపేశాడు. ఎవరూ సిస్టర్ వైపు చూడలేదు. చూడకపోవడం ఆమెకి బాగా తెలిసింది.

"నియమం మనం పెట్టుకున్నదేగా," అన్నాడు వడ్రంగి. "ఒక్కసారికి కాస్త..."

"మనం కాదు, నేను పెట్టింది. మొదటేడు ఎవడో ఆగిపోయిన వాచీ తెచ్చిచ్చాడు. బాగుచేశాను. ఇక ఒకరి వెనక ఒకరు. వాగు ఒడ్డున దుకాణం తెరిచినట్టయింది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. నాకోసం పెట్టినదాన్ని మళ్ళీ నాకోసం తీసెయ్యమంటే ఎలా? ఆ పిల్ల ఏడాదంతా నిలువుకాళ్ళ మీద ఉంటుంది."

ఆ పిల్ల అన్నది తననేనని సిస్టర్‌కి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆమె కణతల దగ్గర వెంట్రుకలు నెరిసి చాలారోజులైంది. గొడ్డలి కింద పెట్టింది. గోడవైపు తిరిగిన టైలరమ్మ వీపును, భర్త వేసిన కుట్లను ఒకసారి చూసింది. కుట్లు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అయినా చిరుగు మూసుకుంది.

"నియమం ప్రకారం నేను వెయ్యకూడదు తాతయ్యా," అంది. "నేను తప్ప ఎవరైనా వెయ్యొచ్చు."



"సూదైతే నాకు చెయ్యి తిరిగిన పనే," అంది టైలరమ్మ.

"అందుకే నువ్వు పనికిరావు," అన్నాడు వడ్రంగి. "నన్ను మాత్రం అడక్కండి. కోడికి దెబ్బ తగిలినా నేను చూళ్ళేను."

సిస్టర్ భర్త వైపు తిరిగింది. "రెండు సూదులేగా బావా. నీకదో పనా?"

అతను గుడారం మీంచి కళ్ళు ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద నారింజకాయలు, సిరంజీలు, గిన్నెలో నీళ్ళు పెట్టింది. సూది తొక్కలోకి దిగేటప్పుడు అతను కళ్ళు మూసుకున్నాడు.

"బస్సు కూడా ఇలాగే నడుపుతావా?"

"బస్సు బాధపడదు."

"కాయ కూడా బాధపడదు. కళ్ళు తెరువు. చెయ్యి కదపకు. నెట్టాక కాసేపు ఆగి తియ్యాలి, వెంటనే లాగెయ్యకూడదు. మళ్ళీ."

సిరంజీలో గీత దాకా తియ్యడం, గాలిబుడగ పోగొట్టడం త్వరగానే పట్టుకున్నాడు. యంత్రాలతో బతికిన మనిషి, గీతలంటే గౌరవం ఉంది. గుచ్చడమే రాలేదు. అతను తప్పు చేసిన ప్రతిసారీ ఆమె చెయ్యి దానంతటదే బల్ల మీదుగా వెళ్ళి అతని వేళ్ళు సరిచేసేది. చివరికి అతను సిరంజీ కింద పెట్టేశాడు.

"నువ్వు ఇలా మీద పడితే నాకెప్పటికీ రాదు."

ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ గోడవైపు తిప్పుకుందామా అని కూడా అనిపించింది. నారింజలన్నీ నీళ్ళు పట్టి ఉబ్బాయి. వాటిని ఎవరూ తినలేదు.

కొన్నాళ్ళు కాయల మీద అయ్యాక, ఒక సాయంత్రం తాతయ్య గదికి వెళ్ళారు. కోడలు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది. సూపు పొయ్యి మీద ఉంది. ఆమె మందు సీసా రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తాతయ్య చొక్కా పైకెత్తి, పొట్ట చర్మం తనే వేళ్ళతో పట్టుకున్నాడు.

"బస్సు కదలనీ డ్రైవరు గారూ. ప్రయాణికుడు ఎక్కి కూర్చున్నాడు."

డ్రైవరు కళ్ళు తెరిచే గుచ్చాడు. నెట్టాడు. కానీ వెంటనే లాగేశాడు. చర్మం మీద ఒక మందు చుక్క మెరిసింది. సిస్టర్ చెయ్యి ముందుకు వచ్చేసింది.

"అమ్మాయ్," అన్నాడు తాతయ్య, "నువ్వెళ్ళి మెట్ల మీద కూర్చో."

"ఇప్పుడు మళ్ళీ వెయ్యకూడదు," అంది ఆమె కోడలితో. "పడుకునే ముందు షుగర్ చూడండి, రేపు మామూలుగానే." చెప్పి బయటికి వచ్చింది.

మరుసటి పొద్దున, ఆ సాయంత్రం, ఆ తర్వాత కూడా డ్రైవరే వేశాడు. ఆమె మెట్ల మీదే కూర్చుంది. లోపలి నుంచి "ఆగు, ఆగు, ఇప్పుడు తియ్యి," అని తాతయ్య గొంతు వినపడేది. ఒకనాడు ఆ గొంతు కూడా వినపడలేదు. భర్త బయటికి వచ్చి, "అయిపోయింది," అన్నాడు, టికెట్టు చింపి ఇచ్చినంత మామూలుగా.

కోడలు అతని వెనకే వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఆయన బాగానే వేస్తున్నారక్కా. కానీ సూది పడ్డాక వేళకి తినకపోతే షుగర్ పడిపోయి మామయ్యకి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అక్కడ వండేది ఆ వడ్రంగి బాబాయి. పొద్దుటి తిండి మధ్యాహ్నానికి పెడతాడట."

"పెడతాడు."

"ఏదైనా అయితే మీరు చూస్తారుగా?"

ఇన్నాళ్ళుగా ఎవరూ అడగనిది ఇది. సిస్టర్ తన పాదాలు చూసుకుంది. బూటు అంచు దిగిన చోట ఎర్రగా గీత పడి ఉంది.

"ఏదైనా అయితే చూస్తాను," అంది. "చూడకుండా ఎలా ఉంటాను. కానీ ఏమీ కాకుండానే నన్ను చూడమనకండి."

కోడలు తల ఊపింది. "పంచదార పొట్లాలు మామయ్య జేబులో పెట్టి పంపిస్తాను," అంది. "ఒకటి మీ ఆయన దగ్గర కూడా."

బయల్దేరే ముందురోజు షెడ్డు వెనక సామాను మూటలు కడుతున్నారు. మడతకుర్చీ ఏ మూటలో కట్టాలో తెలియక వడ్రంగి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. సిస్టర్ రావడం చూసి, "ఏం తేల్చారమ్మా?" అన్నాడు.

ఆమె గొడ్డలి తీసుకుని పదును వేలితో చూసింది.

"తాతయ్య వస్తున్నారు. సూదులు మా బావ వేస్తాడు. పొద్దున్నే నిప్పు నేను సిద్ధంగా ఉంచుతా, సూది పడేసరికి నువ్వు గిన్నె దించి ఉండాలి బాబాయ్."