పడవకు వేసే రంగు

రాజోలు నుంచి రావులపాలెం వెళ్లే బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన అంతర్వేది పెద్దాయన ఒకరు, ఆయన ఒళ్లో తువ్వాలు చుట్టిన పొడవాటి పట్టీ ఒకటి. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివానని తెలియగానే ఆయన తువ్వాలు విప్పారు. పట్టీ నిండా నీలం రంగు.

"మా అల్లుడుగారి తాతగారి కారుదండి. అల్లుడుగారు కువైట్ వెళ్తా కారు నాకప్పజెప్పేరు. తలుపుల మీద మెరుపు పట్టీలు ఉప్పుగాలికి తుప్పట్టేత్తాయని, పడవకేసినట్టే రంగేసేనండి. ఫోటో చూసి అల్లుడుగారు మాట్లాడ్డం మానేసేరు. ఎల్లుండి దిగుతున్నారు. రంగు తీసేత్తే మెరుపొచ్చేత్తాది కదండీ?"

రంగు లేచిన అంచును వేలితో తడిమాను. కింద క్రోమ్ పూత నిండా గీతలే.

"వేసే ముందు ఉప్పుకాగితంతో రుద్దారా అండీ?"

"ఆయ్! రుద్దకపోతే రంగెలా పడతాదండీ? ఒక్క పట్టీ వదల్లేదు." ఆ మాట కాస్త గర్వంగానే అన్నారు.

పోయిన పూత తిరిగి రాదు. కొత్తది వేయించడం ఎల్లుండిలోగా అయ్యే పని కాదు. ఆ మాట ఆయనతో అనలేక, "రావులపాలెంలో మెకానిక్కునెవరినైనా అడిగి చూడండి" అన్నాను.

"ఆయ్, చదువుకున్నోరు, మీరు చెప్పేరు కదా" అని ఆయన పట్టీని చుట్టి, అంచు నాకు గుచ్చుకోకుండా తనవైపు తిప్పుకున్నారు.

రావులపాలెం ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు ఉంది.